ఎక్కడికీ పోని ఓడ

మా ఆయన జూదగాడు కాదు. ఈ మాట నేను గార్డెన్ రీచ్ డాకు క్వార్టర్లలో ముప్పై ఏళ్ళు గొంతెత్తి చెప్పాను. పేకముక్క మా గడప తొక్కలేదు. పిల్లలు గోలీలాడి పక్కింటివాడి గోలీలు గెలుచుకొస్తే, చెవి మెలేసి, తిరిగి ఇచ్చి రమ్మని పంపిన మనిషి ఎలీయాజరు. అలాంటివాడు రిటైరయ్యే ముందు వచ్చే ఆఖరి ప్రయాణానికి ఏ ఊరు పోదామా అని ఆలోచించి, ఏ ఊళ్ళో జూదశాల బాగుంటుందో చూసి ఎంచుకున్నాడు. ఎంచుకుని, ఆ ఎంపికను దేవుడి నెత్తిన పెట్టాడు. నా కోపమంతా ఆ రెండో పని మీద. సరే, మొదటి పని మీద కూడా.

మొదటినుంచీ చెప్తాను. మా ఆయనది ఖిదిర్‌పూర్ డాకులో లాకు గేటు దగ్గర పని. గంగకు పోటు వచ్చినప్పుడు ఓడ లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా ఆ గేటు తెరవాలి. పోర్టువాళ్ళు నాలుగేళ్ళకోసారి కుటుంబంతో సహా దేశంలో ఎక్కడికైనా వెళ్ళిరావడానికి చార్జీలు ఇస్తారు. ఎల్టీసీ అంటారు దాన్ని. మా తెలుగు క్రైస్తవ సంఘంలో నాలుగు కుటుంబాలవాళ్ళం ఎప్పుడు కదిలినా జట్టుగానే కదులుతాం. ఎక్కడికి అన్నది మాత్రం చీటీ తేల్చాలి.

అది అల్లాటప్పా చీటీ కాదు. భీమిలి నుంచి ఈ డాకులో కూలికి వచ్చిన మా తాతలు, తమలో తమకు తగువులు రాకూడదని పెట్టుకున్న పద్ధతి. ప్రతి ఇంటి పెద్దా తన ఇంటివాళ్ళ కోరిక అడిగి, ఒక ఊరి పేరు రాసి మడత పెడతాడు. ప్రార్థన అయ్యాక నాలుగు చీటీలూ సంఘంలో అందరికంటే పెద్దావిడ ఒడిలో వేస్తారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఒకటి తీస్తుంది. వేసేది మనుషులైనా తీర్పు పైవాడిదని మా నమ్మకం. మిగిలిన మూడూ విప్పకుండా పొయ్యిలో పడేస్తారు. విప్పి చూస్తే తీర్పును శంకించినట్టు.

ఇరవై ఏళ్ళుగా ఆ ఒడి దయమ్మత్తది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. చదువు రాదు, అబద్ధం రాదు. ఆవిడ కొడుకు ప్రేమానందానికి రెండూ వచ్చు. మా సంఘంలో అతనే పెద్ద, ప్రభువు బల్ల నాడు, అంటే అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం, రొట్టె పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య తిరిగేది అతనే. యూనియన్ ఆఫీసులో పార్టీ దాదాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదీ అతనే. ఆ ఏడాది, అంటే రెండువేల పదిలో, ఎన్నికలు దగ్గరపడి గోడల మీద పార్టీల రంగులు మారుతున్నాయి. ఇన్నాళ్ళూ ఎర్ర జెండా కింద నిలబడ్డ ప్రేమానందం, ఎటు పోతే మంచిదో తేలక తెల్ల చొక్కాలు తొడగడం మొదలుపెట్టాడు.

ఇతగాడే నాలుగేళ్ళ కిందట సువార్తమ్మను ప్రభువు బల్ల నుంచి వెలి పెట్టాడు. సువార్తమ్మ వీధులూడ్చే మనిషి, మొగుడు పోయినది. వారానికో లాటరీ టికెట్టు కొంటోందని ఎవరో చెప్తే, నలుగురిలో నిలబెట్టి, చెమటోడ్చకుండా వచ్చే డబ్బు పాపిష్టి డబ్బని గంటసేపు వాయించాడు. ఆరు నెలలు రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. శిక్ష గడువు తీరిపోయినా ఆ పిచ్చితల్లి సిగ్గుతో ఇప్పటికీ ఆఖరి బల్ల మీదే కూర్చుంటుంది. ఆరోజు నోరు మూసుకుని విన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి దాచను.

ఇక నా సంగతి. మా అప్ప, అంటే అక్క, మార్తమ్మ పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటుంది. మా అమ్మ పోయినప్పుడు వచ్చి వెళ్ళింది, అంతే. ఇరవై రెండేళ్ళయింది. పోర్ట్ బ్లెయిర్ పోయే ఓడ మా డాకులోంచే బయల్దేరుతుంది. మంచాలూ మూటలూ కోళ్ళగంపలూ మోసుకుని జనం ఎక్కుతూ ఉంటారు. ఆ ఓడకు గేటు తెరిచేది మా ఆయన. మధ్యాహ్నం కారేజీ ఇవ్వడానికి వెళ్ళి, ఆ ఓడ నీళ్ళలో కదిలి పోవడం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మా అప్ప దగ్గరికి పోయే దారి మా ఆయన చేతికిందే ఉంది. నేను మాత్రం చీటీ పడాలని కూర్చున్నాను.

విడిగా టికెట్టు కొనుక్కుని పోతానని రెండు మూడుసార్లు అన్నాను. "ఎల్టీసీ ఉండగా సేతిడబ్బు తగలెడతామేటే?" అనేవారు ఆయన. నిజమేననిపించేది. ప్రతిసారీ, "మన సీటీలో పోర్ట్ బ్లెయిర్ రాసినారా?" అని అడిగేదాన్ని. "రాసినానే" అనేవారు. అయిదుసార్లు వేశారు. ఢిల్లీ పడింది, డార్జిలింగు పడింది, బొంబాయి, మైసూరు, కన్యాకుమారి పడ్డాయి. పోర్ట్ బ్లెయిర్ పడలేదు. ప్రతిసారీ అప్పకు కబురు చెప్పి, పైవాడి చిత్తం అనుకుని, ఆ పడ్డ ఊరికే వెళ్ళి ఫొటోలు దిగి వచ్చేదాన్ని.

ఈ ఆరోసారి మాత్రం ఆగలేని పని వచ్చిపడింది. అప్ప కంటినరం ఎండిపోతోందని డాక్టర్లు చెప్పారు. కోతకూ అద్దాలకూ లొంగదట. "సుట్టూ సీకటైపోయింది గానీ, ఎదర నిలబడ్డ మనిషి మొకం ఆనతందే. ఈ కాసింతా పోకముందు రాయే, నీ మొకం సూసుకుంటాను" అంది ఫోన్లో. మా అప్ప ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగలేదు. మా ఆయనకు చెప్పాను, ఏడ్చి చెప్పాను. ఆయన నా తల నిమిరి, "రాస్తాను గదే" అన్నారు. తల నిమిరిన ఆ చెయ్యే తర్వాత చీటీ రాసింది.

నవంబరు నెల రెండో ఆదివారం, ఆరాధన అయ్యాక, దయమ్మత్త ఇంట్లో చీట్లు వేశారు. ఆవిడ కింద కూర్చుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని ఒడి పరిచింది. నలుగురు మగాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి మడతపెట్టిన కాగితాలు వేశారు. ప్రేమానందం ప్రార్థన చేశాడు, చాలా పొడుగ్గా. నేను కళ్ళు మూసుకుని ఒకే ఒక్క మాట లోపల్లోపల అనుకుంటూ ఉన్నాను. దయమ్మత్త ఒకటి తీసి కొడుక్కిచ్చింది.

"గోవా!" అని చదివాడు ప్రేమానందం.

మగాళ్ళు నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఎవ్వరూ ఆశ్చర్యపోలేదు. ఆ క్షణాన నాకు అది తట్టలేదు. గోవాలో ఏముందని ఆడవాళ్ళు అడిగితే, పెద్ద పెద్ద చర్చిలున్నాయి, నాలుగొందల ఏళ్ళనాటి పరిశుద్ధుడి శవం ఉంది అన్నాడు ప్రేమానందం. శవాన్ని చూడ్డానికి రెండు రైళ్ళు మారి పోవాలా అనిపించింది గానీ, పడ్డ చీటీ పడ్డట్టే. ఇంటికొచ్చి అప్పకు ఫోన్ చేశాను.

"ఈపాలీ పడనేదే అప్పా."

"పోన్లేయే. ఆయన సిత్తం" అంది.

నాలుగు రోజుల తర్వాత దయమ్మత్త మా ఇంటికి వచ్చింది. నేను మెటియాబ్రుజ్‌లో ఒక ఉస్తాగరు దగ్గర, అంటే దర్జీల మేస్త్రీ దగ్గర, పిల్లల ఫ్రాకులు తెచ్చుకుని బొత్తాలు కుట్టి, ఇస్త్రీ చేసి ఇస్తుంటాను. బొగ్గుల ఇస్త్రీపెట్టె కోసం మా ఇంట్లో ఇంకా బొగ్గుల పొయ్యి రాజేస్తాను. మా వరుసలో మిగతా ఇళ్ళన్నిటికీ గ్యాసు వచ్చేసింది. దయమ్మత్త రొంటిన దోపుకున్న చిన్న ముడి విప్పింది.

"ఒలే యూనిసమ్మా, ఆదోరం సీట్లే ఇయ్యి. మా ఇంటికాడ నిప్పు నేదు. గేసు మీద కాలిస్తే కోడలు అరుస్తంది. సెత్తలో పారీడానికి నా మనసొప్పలేదు. నీ పొయ్యిలో ఎయ్యి తల్లీ."

"అలగే అత్తా, ఆ పీట మీద కూకో" అని, టీ నీళ్ళు పెట్టి, మూడు చీటీలూ చేతిలోకి తీసుకున్నాను. పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాను కూడా. అనుమానం ఉండి కాదు, ప్రమాణం చేసి చెప్తాను. ఆ మూడింటిలో ఒకటి నాది. పడకపోతే పోయింది, దాని మీద రాసిన ఆ ఊరి పేరు కాలిపోయే ముందు ఒక్కసారి కళ్ళారా చూసుకుందామనుకున్నాను. పద్ధతి తప్పు చేస్తున్నానని తెలుసు. అయినా విప్పాను.

మొదటిది ఇంగ్లీషు అక్షరాలు. జీ, ఓ, ఏ. రెండోది కూడా ఇంగ్లీషే, పొడుగ్గా ఉంది, కూడబలుక్కుని చదివితే గాంగ్‌టక్ అని వచ్చింది. అయితే మాది మూడోది. మా నలుగురు మగాళ్ళలో తెలుగు రాసేది మా ఆయనొక్కరే. విప్పాను. గుండ్రటి అక్షరాలు, ఆయనవే. గోవా.

కాగితం తిరగేసి చూశాను, వెనక ఇంకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు.

"ఏటే, అలగ నిలబడిపోనావు?" అంది దయమ్మత్త.

"ఏటీ నేదత్తా" అన్నాను. చీటీలు పొయ్యిలో వెయ్యలేదు. జాకెట్టులో దోపుకున్నాను. ఆవిడ టీ తాగి వెళ్ళాక, మా ఆయన పెట్టె తీసి చూశాను. దొంగతనం అంటే అనండి. మడతపెట్టిన పాంటు జేబులో రంగుల కాగితం దొరికింది, ఎస్ప్లనేడ్ దగ్గర ఏదో ట్రావెల్సువాళ్ళు పంచినది. బెంగాలీ మాట్లాడ్డమే గానీ చదవడం నాకు రాదు. చదవాల్సిన పని లేకపోయింది. ఒక వైపు కొండ మీద హోటలు, దాని ముందు పేకముక్కలు విసనకర్రలా విప్పి పట్టుకున్న పిల్ల. రెండోవైపు ఓడ. నదిలో నిలబెట్టిన ఓడ, ఒళ్ళంతా దీపాలు. కింద అంకెల చక్రం, రంగు బిళ్ళల గుట్టలు. మధ్యలో ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. క్యా, సి, నో.

హోటలు పక్కన ఇంగ్లీషులోనే గాంగ్‌టక్ అని ఉంది. ఓడ పక్కన గోవా అని ఉంది. ఓడ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది.

అప్పుడు అర్థమైంది. మూడు గోవాలు, ఒక గాంగ్‌టక్. వీళ్ళు టీ కొట్టు దగ్గర కూర్చుని ముందే అనుకున్నారు. హోటల్లో ఆడదామా, ఓడలో ఆడదామా అన్నది ఒక్కటే తేలాల్సిన సంగతి. దాన్ని తెచ్చి దయమ్మత్త ఒడిలో పోశారు. మేము ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాం.

ఆయన డ్యూటీ దిగి రాగానే మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన్ని మీరు అనే అన్నాను. ఆరోజు నోట్లోంచి నువ్వు అనే వచ్చింది.

"పోర్ట్ బ్లెయిర్ సీటీ ఏదయ్యా?"

"ఏ సీటీ?"

"నువ్వు రాసినది. మూడూ నా సేతిలో ఉన్నాయి. నాలుగోది మీ ప్రేమానందం సదివినాడు. దేన్లోనూ నేదు."

ఆయన చెప్పులు విడుస్తున్నవారు ఒంటికాలి మీద ఆగిపోయారు. రంగు కాగితం ఎదురుగా పెట్టాను.

"సూడ్డానికేనే" అన్నారు చివరికి. "ఆడ్డానికి కాదు. ఓడెక్కితే తిండీ తాగుడూ అన్నీ వూరికే. రెండువేల రూపాయిల బిల్లలు వూరికే ఇస్తారంట. ఒక్కపాలి సూడ్డానికి."

"సూడ్డానికైతే దినామూ గేటుకాడ ఓడలే గదా సూస్తన్నావు."

"ఒలే, ఇను. రిటైరైపోతే మనకేటుంటాది? ఒక్కపాలి తగిల్తే నిన్ను ఇమానంలో తీసికెల్తాను మీ అప్పకాడికి. ఒట్టు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కాళ్ళ కింద ఓడ పెట్టుకుని, అది వదిలేసి, విమానం గెలవడానికి ఇంకో ఓడెక్కుతాడట. పైగా ఆ ఓడ ఎక్కడికీ పోదు. లంగరు వేసి నదిలో నిలబెట్టింది. పేకలు పంచడానికి తప్ప దేనికీ పనికిరాదు.

"మా అప్ప కళ్ళ సంగతి నీకు సెప్పినాను. సెప్పినానా, నేదా?"

"సెప్పినావు."

"మరి అంతకుముందు అయిదుపాల్లూ? రాసినాను రాసినాను అన్నావు గదా. అప్పుడు కాసినోలు నేవు గదా. అప్పుడేటి రాసినావు?"

ఆయన గోడ మీద క్యాలెండరు వంక చూస్తూ చెప్పారు. "మొదటిపాలి రాసినాను. నిజంగానే. తరవాత ప్రేమానందం అన్నాడు, ఓడంటే ఆడోల్లు నాలుగు దినాలు వాంతులు సేసుకుంటారు, ఎవులికీ ఇష్టం నేదు అని. మిగతోల్లు అడిగినదే రాసీసినాను. జట్టులో గొడవెందుకని."

మొదటిసారి రాశారో లేదో ఆ కాలిన పొయ్యికి తెలియాలి. ఇరవై ఏళ్ళు. జట్టులో గొడవ రాకూడదని మా అప్ప ఊరి పేరును నా చీటీలోంచి తీసేసి, ఇంటికొచ్చి నాతో పాటు కూర్చుని, ఏం చేస్తామే, తీర్పు అలా వచ్చింది అన్న మనిషి. ఆ మాట కూడా తినే కంచం ముందర కూర్చునే అన్నారు. నేను కుడుతున్న ఫ్రాకు తీసి పక్కన పెట్టాను.

ఉన్నపళాన ప్రేమానందం ఇంటికి వెళ్ళాను. మా ఆయన వెనకాలే వచ్చారు, వద్దే, వద్దే అంటూ. ప్రేమానందం టీవీ ముందు కూర్చుని మరమరాలు తింటున్నాడు. దయమ్మత్త గుమ్మం దగ్గర చింతపండు పిక్కలు తీస్తోంది. నేను మూడు చీటీలూ, రంగు కాగితమూ అతని ముందు పెట్టాను.

అతను వాటిని చూసి, టీవీ గొంతు తగ్గించాడు. "విప్పినావా వొదినా? సీట్లు విప్పకూడదని తెలీదా?"

ఎదురు నేరం మోపడం ఇతని దగ్గర నేర్చుకోవాలి.

"విప్పినాను బాబూ. నన్ను కూడా ఆరు నెలలు ఎలెయ్యి. ముందు ఇది సెప్పు. మూడు గోవాలూ ఒక గాంగ్‌టకూ ఏసి దేవుణ్ణి ఏటడిగినారు మీరు? ఏ ఊల్లో పేకాడమంటావు ప్రెబువా అని అడిగినారా?"

"తప్పుగా మాటాడకు. పడ్డ సీటీకి ఎదురు సెప్పకూడదు. తీర్పు తీర్పే."

"సువార్తమ్మ పది రూపాయల టికెట్టు కొన్నాదని ఏటి సేసినావు నువ్వు?"

"అది వేరు, ఇది వేరు వొదినా. ఇది గవర్నమెంటు లైసెన్సు ఉన్నది. పెద్ద పెద్దోల్లు ఎల్తారు."

"ఆ టికెట్టు మీదా గవర్నమెంటు ముద్దరే ఉన్నాది. పెద్దోల్లు ఎల్లరు, అంతే తేడా."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. విదిలించుకున్నాను. అప్పుడు దయమ్మత్త చింతపండు చాట పక్కకు జరిపి లేచింది. ఆవిడకు ఒక్కో మాటా దిగడానికి ఇంతసేపు పట్టింది. కొడుకు దగ్గరికి వచ్చి ఆ మూడు కాగితాల మీదికి వంగింది. చదవడం రాదు కదా, వేలితో ముట్టుకుని చూసింది.

"ఇయ్యేట్రా? నా ఒల్లో ఏసినవేనా?"

"అమ్మా, నీకు తెల్దు, నువ్వూరుకో."

"నాకు తెల్దు. అందుకేనేట్రా నా ఒడి కావలసొచ్చింది నీకు?" ఆవిడ గొంతు పెద్దది కాదు. "నిన్ను తొమ్మిది నెల్లు మోసినాదిరా ఈ ఒడి. దీన్ని పేకల బల్ల సేసినావు."

కుచ్చెళ్ళు రెండు చేతులతో పట్టుకుని గట్టిగా దులిపింది. చింతపండు పిక్కలు నేల మీద పడ్డాయి. "ఇకమీద ఈ ఒల్లో సీట్లు పడవు. ఎవుల్నైనా ఎతుక్కోండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ప్రేమానందం సిగ్గుపడి ఉంటాడనుకున్నాను. లేదు. గోవా కాగితాలు అప్పటికే పోర్టు ఆఫీసులో పైకి వెళ్ళిపోయాయి, అడ్వాన్సు వచ్చేసింది, మార్చడం కుదరదు అని నాకు రూల్సు చెప్పాడు. ఇంటికి వస్తూ దారిలో మా ఆయన, "అవునే, మార్సడం కుదరదు" అని మళ్ళీ అన్నారు. నాకు నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు.

డిసెంబరు మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ప్రేమానందం ఎప్పటిలాగే తెల్ల చొక్కాతో పళ్ళెం పట్టుకుని వచ్చాడు. మొదటి వరుసలో మొదటి కుర్చీ దయమ్మత్తది. కొడుకు పళ్ళెం చాచగానే ఆవిడ లేచి నిలబడింది. పళ్ళెం వంక చూడలేదు. కర్ర పొడుచుకుంటూ, మధ్య దారిలోంచి నడిచి, ఆఖరి బల్ల మీద సువార్తమ్మ పక్కన కూర్చుంది. సువార్తమ్మ బెదిరిపోయి, "అమ్మా, ఇక్కడెందుకమ్మా?" అంది. దయమ్మత్త ఆమె చెయ్యి తన ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చుంది. నేనూ లేచి వెళ్ళాను. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఆఖరి బల్ల చాలక ఇరుక్కుని కూర్చున్నాం. పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడిపోయారు. ప్రేమానందం రొట్టె పళ్ళెం పట్టుకుని ఎటు తిరగాలో తెలియక, ఖాళీ కుర్చీ ముందే చాలాసేపు ఉండిపోయాడు.

మర్నాడు స్ట్రాండ్ రోడ్డుకు బస్సెక్కి, ఓడ టికెట్లిచ్చే చోట వరసలో నిలబడ్డాను. కిటికీ లోపలి గుమాస్తా దాదా, "ఏకా?" అని అడిగాడు, ఒక్కదానివేనా అని. అవునన్నాను. అన్నిటికంటే కింది తరగతి, పడకల హాలు. ధర విని రెండోసారి అడిగాను, పొరపాటు విన్నానేమోనని. ఫ్రాకులకు ఆరు వారాలు బొత్తాలు కుట్టిన కూలి. అంతే. వరసలోంచి పక్కకు వచ్చి, టికెట్టు చేతిలో పట్టుకుని అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాను. ఎవరి మీద కోపమో చెప్పమంటే ముందు నా మీదే. ఆరు వారాల కూలి కోసం ఇరవై రెండేళ్ళు చీటీ వంక చూస్తూ కూర్చున్నాను.

మా ఆయనకు టికెట్టు చూపించాను. అడగలేదు, చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "వాంతులవుతాయే" అన్నారు.

"అవనీ."

ఓడ బయల్దేరిన నాడు పోటు మధ్యాహ్నం వచ్చింది. నేను ఓడ పైన కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. లాకు దగ్గరికి వచ్చేసరికి గోడ మీద మా ఆయన కనిపించారు, నీలం చొక్కా, మెడలో తువ్వాలు. ఇన్నేళ్ళూ నేను గోడ మీద, ఓడ కింద. ఆరోజు నేను ఎత్తున, ఆయన కింద. గేటు తెరుచుకుంది. తెరిచింది ఆయనే. అది ఆయన ఉద్యోగం, నా మీద దయ కాదు. చెయ్యెత్తారు. నేను ఎత్తలేదు. ఆయన ఏదో అరిచారు, ఓడ కూత వేస్తుంటే వినబడలేదు. వినాలని కూడా నాకు లేకపోయింది.

వాంతులయ్యాయి. అబద్ధమెందుకు, మూడు రోజులూ అయ్యాయి. నాలుగోనాడు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. మా అప్ప కొడుకు వచ్చి తీసుకెళ్ళాడు. కొండవాలులో రేకుల ఇల్లు, గుమ్మంలో అప్ప. నేను వాకిట్లోకి రాగానే లేచి, రెండు చేతులూ ముందుకు చాచింది. నా వైపు కాదు, కొంచెం పక్కకి.

అప్పుడే తెలిసింది నాకు.

"ఎప్పట్నించే?" అన్నాను చేతులు పట్టుకుని.

"సీట్లేసిన వారం తరవాత. ఒక దినం లేసేసరికి ఆ కాసింతా పోయింది. నీకు సెప్తే బాదపడతావని సెప్పనేదు." నా మొహమంతా తడిమింది. కనుబొమలు, ముక్కు, బుగ్గ మీద చిన్నప్పటి కాటు మచ్చ. "సన్నబడిపోనావే. ఎలగొచ్చినావు? సీటీ పడ్డాదేటి ఇన్నాల్లకి?"

"పడనేదప్పా. నానే వొచ్చీసినాను."

అప్ప నా చెంప మీంచి చెయ్యి తియ్యకుండానే మెల్లగా అంది. "సీట్లేసే దినం నువ్వు ఫోన్లో సెప్పీదానివి గదా, ఆ దినం నాను కూడు తినీదాన్ని కాదు. సాయంత్రం దాకా మోకాల్ల మీదే ఉండీదాన్ని. ఆరుపాల్లూ అలగే ఉన్నాను. ఆయన ఒక్కపాలీ ఇననేదు. నా మీద ఏటి కోపమో ఆయనకి, అనుకున్నాను."

"ఆయన అన్నాదెవుల్నే?"

"దేవున్ని."

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. మా ఆయన పరువు కాపాడడం నాకు అలవాటైన పని, ముప్పై ఏళ్ళు చేశాను. ఇంక చాలనిపించింది. అప్పను మంచం మీద కూర్చోబెట్టి, మొత్తం చెప్పాను. ఒడి, చీటీలు, నదిలో నిలబెట్టిన ఓడ, ఏదీ వదల్లేదు. అప్ప అన్నీ విని, చూపు లేని కళ్ళు తుడుచుకుంది.

"అయితే ఆయనకి తెల్దన్నమాట" అంది. "రాస్తే గదా తెలుస్తాది."

ఇద్దరం మోకాళ్ళ మీదికి దిగి, ఇన్నేళ్ళూ అనవసరంగా అనుమానించినందుకు దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాం. మా ఆయన్ని మాత్రం నేను ఇంకా క్షమించలేదు.